అమెరికా ఇమిగ్రేషన్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

హెచ్-1బీ (కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా) మీద వచ్చి, గ్రీన్ కార్డ్ (శాశ్వతంగా ఉండిపోయే అనుమతి) లైన్లో నిలబడి పదేళ్లు దాటింది. ఈ వ్యవస్థ న్యాయంగా ఉంటుందా, వచ్చినవాళ్లని ఆదరిస్తుందా అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే: పని ఇచ్చేటప్పుడు మన చదువు, అనుభవం చూస్తుంది. స్థిరపడనిచ్చేటప్పుడు మాత్రం మనం ఎక్కడ పుట్టామో చూస్తుంది.

మంచి ముందు చెప్పాలి. రూల్స్ అన్నీ రాసిపెట్టి ఉంటాయి, ఎవరైనా చదువుకోవచ్చు. కేసు నంబర్ కొడితే ఫైలు ఏ దశలో ఉందో ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. ఎవరి సిఫారసూ అక్కర్లేదు, ఎవరి చెయ్యీ తడపక్కర్లేదు. 2000లో వచ్చిన చట్టం పుణ్యమా అని, ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయితే, మామూలుగా ఉండే ఆరేళ్ల గడువు దాటాక కూడా మూడేసి ఏళ్ల చొప్పున హెచ్-1బీ పొడిగించుకోవచ్చు. 2015 నుంచి అలాంటి వాళ్ల భార్యకో భర్తకో కూడా వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. మా ఇంట్లో రెండో జీతం దానివల్లే. హెచ్-1బీకి తీసే లాటరీలో ఒకే మనిషి పేరు నాలుగైదు కంపెనీలు వేసి ఛాన్సులు పెంచుకునే దారిని కూడా 2024లో మూసేశారు. అది మంచి మార్పు.

అసలు బాధ లైన్ దగ్గర మొదలవుతుంది. ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్ కార్డులు. భార్యాపిల్లల్ని కూడా అందులోనే లెక్కేస్తారు. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకీ మామూలుగా 7 శాతం మించి ఇవ్వరు. ఐస్‌లాండ్‌కీ అదే గీత, ఇండియాకీ అదే గీత. మధ్యలో వేరే దేశం పౌరసత్వం తీసుకున్నా లాభం లేదు, పుట్టిన దేశమే లెక్క. మా టీమ్‌లో నా తర్వాత చాలా ఏళ్లకి అప్లై చేసిన యూరప్ అబ్బాయికి కార్డు వచ్చేసింది. అతని మీద నాకేం కోపం లేదు, ఇద్దరం చేసేది ఒకే పని. నెలనెలా వీసా బులెటిన్ (ఏ తేదీ దాకా అప్లై చేసినవాళ్లకి వంతు వచ్చిందో చెప్పే ప్రకటన) ఎప్పుడొస్తుందా అని చూడటం నాకు అలవాటైపోయింది. 2025 వేసవిలో ఈబీ-2 (పై చదువులున్నవాళ్ల ఉద్యోగ కేటగిరీ) ఇండియా డేట్ 2013 జనవరి 1 దగ్గర నెలల తరబడి అంగుళం కదల్లేదు. ఈ 7 శాతం పరిమితి ఎత్తేసే బిల్లు 2019లో ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో గెలిచింది. 2020 చివర్లో సెనేట్ కూడా వేరే రూపంలో ఒప్పుకుంది. రెండూ కలిసి చట్టం మాత్రం కాలేదు.

పెద్దవాళ్లం ఎలాగో సర్దుకుంటాం. పిల్లల సంగతే నన్ను నిద్రపోనివ్వదు. మా పెద్దమ్మాయి ఇండియాలో పుట్టింది, చిన్నవాడు ఇక్కడే పుట్టి సిటిజన్ అయ్యాడు. ఒక వేసవిలో పెద్దది ఐస్‌క్రీం షాపులో పనికి అడిగితే మేనేజర్ వచ్చేయమన్నాడు. చేతికిచ్చిన ఫారంలో నాలుగు గడులు: సిటిజన్, సిటిజన్ కాని నేషనల్, గ్రీన్ కార్డ్, పని చేసే అనుమతి ఉన్న విదేశీయులు. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీదున్న పిల్లలకి ఆ నాలుగింట్లో ఏదీ వర్తించదు. పెన్ను పక్కన పెట్టేసి, "నేను ఏది టిక్ చెయ్యాలి నాన్నా?" అంది. 21 నిండేలోగా మా డేట్ కరెంట్ కాకపోతే, అంటే మా వంతు రాకపోతే, తను వయసు దాటి మా ఫైల్లోంచి ఏజ్ అవుట్ అయిపోతుంది, స్టూడెంట్ వీసాకి మారాలి. ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజుల్ని వయసులోంచి తీసేసే వెసులుబాటు ఉంది గానీ, అదనపు ఫీజు కట్టి ప్రీమియంలో త్వరగా అప్రూవ్ అయినవాళ్లకి ఆ తగ్గింపు కొన్ని రోజులే.

ఉద్యోగం పోతే గడువు మహా అయితే 60 రోజులు. ఈలోగా కొత్త ఎంప్లాయర్ దొరకాలి, లేదా వేరే స్టేటస్‌కి అప్లై చేసుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. డ్రైవింగ్ లైసెన్స్ గడువు కూడా వీసా కాగితంతో ముడిపడి ఉంటుంది. ఇక స్టాంపింగ్ (బయటి దేశంలోని అమెరికా కాన్సులేట్‌లో పాస్‌పోర్ట్ మీద వీసా వేయించుకోవడం) టెన్షన్ వల్ల ఇంటికి వెళ్లాల్సినప్పుడు వెళ్లలేక మానేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఆదరణ గురించి అడిగితే, మనుషుల దగ్గర నాకు అది దండిగా దొరికింది. స్కూల్లో చేర్చేటప్పుడు అడిగింది అడ్రస్ ప్రూఫ్, టీకాల కాగితాలు మాత్రమే. టీచర్లు మా అమ్మాయిని తమ పిల్లలాగే చూశారు. చట్టమే ఇంకా తనని అలా చూడటం లేదు.

ఒంటరిగా వచ్చి కొన్నేళ్లు పనిచేసి వెళ్దామనుకునేవాళ్లు వీసా దొరికితే ధైర్యంగా రావచ్చు. కాకపోతే 2025 సెప్టెంబర్‌లో విదేశాల నుంచి తెచ్చుకునే కొత్త హెచ్-1బీలకి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు కాబట్టి, ఆఫర్ ఇచ్చిన కంపెనీ దాన్ని కడుతుందో లేదో ముందే కనుక్కోండి. పదేళ్ల పిల్లతో వచ్చేవాళ్లు మాత్రం జీతం మాట్లాడుకునే ముందే, ఆ పిల్లకి 21 ఏ సంవత్సరంలో వస్తుందో, అప్పటికి బులెటిన్ ఎక్కడుండొచ్చో ఒక మంచి లాయర్‌తో కూర్చుని లెక్క చూసుకోండి.