పౌరసత్వ మార్గమా, బహిష్కరణా: అమెరికా ప్రజాభిప్రాయంలో రెండు దారులు

అనుమతి పత్రాలు లేకుండా అమెరికాలో నివసిస్తున్నవారి విషయంలో అక్కడి ప్రజల ముందు రెండు ప్రధాన ప్రతిపాదనలు ఉన్నాయి: నిర్దిష్ట షరతులు నెరవేర్చినవారికి క్రమంగా పౌరసత్వం ఇవ్వడం ఒకటి, అందరినీ స్వదేశాలకు పంపివేయడం రెండవది. 2025 జూన్‌లో గ్యాలప్ సంస్థ జరిపిన సర్వేలో మొదటిదానిని 78 శాతం, రెండవదానిని 38 శాతం సమర్థించారు. మొత్తం నూరు దాటిందంటే కొందరు రెండింటికీ తలూపారన్నమాట. వీటిని ఎన్నటికీ కలవని శిబిరాలుగా చూపే టీవీ చర్చలను కొంత అనుమానించవలసిందే.

బహిష్కరణకు మద్దతు పరిస్థితులను బట్టి మారుతోంది. 2024లో అది 47 శాతం. అప్పుడు వలసలు తగ్గాలన్నవారు 55 శాతం కాగా, సరిహద్దు దాటి వచ్చేవారి సంఖ్య బాగా పడిపోయిన మరుసటి ఏడాదికి వారు 30 శాతానికి దిగారు.

పౌరసత్వ మార్గానికి ప్రజామోదం ఎక్కువే అయినా చట్టసభలో అదృష్టం తక్కువ. 2013లో సెనేట్ 68-32 ఓట్లతో ఆమోదించిన సమగ్ర బిల్లును ప్రతినిధుల సభ ఓటింగుకే తీసుకోలేదు. మన పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఏమిటంటే, ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులలో ఒక్కో దేశానికి ఉన్న 7 శాతం పరిమితిని ఆ బిల్లు ఎత్తివేయదలచింది. హెచ్-1బి వీసాపై ఏళ్ల తరబడి వేచి ఉన్న తెలుగు కుటుంబాలకు ఆ ఒక్క నిబంధనే పెద్ద ఊరట అయ్యేది. కేవలం బహిష్కరణపై ఆధారపడిన విధానంలో ఈ నిరీక్షణకు పరిష్కారమేదీ లేదు.