చలికాలంలో కొత్త ప్లాస్టరింగు ఆరడానికి ఏది మేలు: ఎండా, ఫ్యానా, కుంపటా?

పుష్య మాసంలో గృహప్రవేశానికి ముహూర్తాలుండవు. మాఘం రాగానే వరసగా ఉంటాయి. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో ఇల్లు కట్టేవాళ్లందరిదీ ఒకటే తొందర: గోడలు ఆరాలి, రంగులు పడాలి. ఆదిలాబాద్‌లో మా తమ్ముడి ఇంటి ప్లాస్టరింగు (అక్కడ గిలాబు అంటారు) మార్గశిరం చివర్లో పూర్తయింది. ఇరవై రోజుల తర్వాత చూస్తే మిగతా గదులు తెల్లబడ్డాయి గానీ, ఉత్తరపు గది మూలల్లో మాత్రం ముదురు బూడిదరంగు మచ్చలు అలాగే ఉన్నాయి. అరచేయి ఆనిస్తే చల్లగా, చెమ్మగా తగిలింది.

ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. సిమెంటు ఆరడం వల్ల గట్టిపడదు, నీళ్లతో కలిసి గట్టిపడుతుంది. చలిలో ఆ పని ఇంకా నెమ్మదిగా సాగుతుంది. కాబట్టి మొదటి ఏడు రోజులు, వీలైతే పది రోజులు, గోడ తడుపుతూనే ఉండాలి. ఆరబెట్టడం గురించిన ఆలోచనంతా ఆ తర్వాతే.

మేస్త్రి సలహా గ్యాస్ పొయ్యి. తలుపులు మూసి రాత్రంతా వెలిగిస్తే గోడ తెల్లారేసరికి ఆరుతుందన్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ కిలో గ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీరు ఆవిరిగా బయటికి వస్తుంది. 14.2 కిలోల వంటింటి సిలిండరు పూర్తిగా కాలిస్తే ఇరవై లీటర్లు దాటుతుంది. అంటే ఒక మంచినీళ్ల డబ్బాను తెచ్చి గదిలో కుమ్మరించినట్టే! మూసిన గదిలో ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? చల్లగా ఉన్న గోడకే పట్టుకుంటుంది. బొగ్గుల కుంపటితో ఈ నీటి బాధ తక్కువే గానీ, దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. వెచ్చగా ఉందని కాపలా మనిషి ఆ గదిలోనే పడుకుంటే ప్రాణం పోవచ్చు. ఈ రెండూ నా లెక్కలో పోటీలోనే లేవు.

హాలోజెన్ దీపాలు పొడి వేడినే ఇస్తాయి. చిక్కేమిటంటే దీపం ఎదురుగా ఉన్న మేర గబగబా ఆరి సన్నని పగుళ్లు వస్తాయి, పక్కన అడుగు దూరంలో తడి తడిగానే ఉంటుంది. పైగా 500 వాట్లవి రెండు పెట్టి పది గంటలు ఉంచితే పది యూనిట్ల కరెంటు.

ఎండ, గాలి మాటకొస్తే, కిటికీలు తెరవడం కంటే ఎప్పుడు తెరుస్తామన్నది ముఖ్యం. పది డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి తొమ్మిది గ్రాముల ఆవిరిని మించి మోయలేదు, ముప్ఫై డిగ్రీల దగ్గర ముప్ఫై గ్రాములు మోస్తుంది. పొగమంచు వేళ తలుపులు బార్లా తీసి గోడ ఆరుతుందనుకోవడం వట్టి భ్రమ. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు తెరిచి, పొద్దు వాలకముందే మూసేయాలి. ఆ ఆరు గంటలూ ఒక ఫ్యాను నడవాలి. అయితే దాని ముఖం గోడవైపు కాదు, కిటికీవైపు. లోపలి చెమ్మగాలిని బయటికి తోయడమే దాని పని. ఖర్చు రోజుకు అర యూనిట్ కూడా కాదు. మేం చేసింది ఇదే. మళ్లీ కట్టినా ఇదే చేస్తాను.

గాలిలోని తేమ లాగే డీహ్యుమిడిఫైయర్ మాటేమిటని ఇంగ్లండులో ఉన్న మా మేనల్లుడు అడిగాడు. బయట రోజంతా చెమ్మగా, చల్లగా ఉండే అక్కడైతే కిటికీలు మూసి, గది కొద్దిగా వేడిచేసి అది వాడటమే సరైన పద్ధతి. గది బాగా చల్లగా ఉంటే మామూలు రకాలు అంతగా పనిచేయవు. మనకు జనవరి మధ్యాహ్నపు పొడిగాలి ఆ పనిని ఊరికే చేసిపెడుతుంది.

ఆరిందో లేదో చేత్తో తేల్చకండి, పైన పొడిగా ఉన్నా లోపల తడి ఉంటుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. లోపలివైపు చుక్కలు కడితే ఆగాల్సిందే. ఆగకుండా రంగు వేస్తే పొక్కులు లేస్తాయి, తెల్లగా ఉప్పు పూస్తుంది.

మా ఉత్తరపు గదిలో చుక్కలు కట్టాయి. దాన్ని వదిలేసి మిగతా గదులకే రంగులు వేశాం. గృహప్రవేశం నాడు వచ్చినవాళ్లలో సగం మంది అడిగింది గోడకు అంటించిన ఆ పాలిథిన్ ముక్క గురించే.