అగ్రిమెంట్ మీద వెంటనే సంతకం పెట్టాలా, టైమ్ అడగాలా, నాన్చాలా? ఏది మేలు?

జాయినింగ్ రోజు హెచ్‌ఆర్ వాళ్లు పేజీలకు పేజీల అగ్రిమెంట్ ముందు పెట్టి, "ఫార్మాలిటీయే, సంతకాలు పెట్టేయండి" అంటారు. అప్పుడు మూడు దారులుంటాయి: అక్కడికక్కడే పెట్టేయడం, చదువుకోవడానికి టైమ్ అడిగి నచ్చనివి మార్చమనడం, పెట్టకుండా పని చేసుకుంటూ నాన్చడం. నా ఓటు రెండోదానికే.

వెంటనే పెట్టేస్తే ఉద్యోగం ఖాయం, అంతవరకు నిజమే. పాత ఉద్యోగం వదిలేసి వచ్చినవాళ్లకి, ఇంటి ఖర్చులు మీద పడి ఉన్నవాళ్లకి అది చిన్న విషయం కాదు, వాళ్లని తప్పుపట్టలేం. కానీ సంతకం పడ్డాక "నేను చదవలేదు" అంటే కోర్టులు సాధారణంగా వినవు. "ఇలాంటి షరతులు ఎలాగూ చెల్లవులే" అని ధైర్యం చెప్పే స్నేహితులుంటారు, వాళ్ల మాట సగమే నిజం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 వల్ల, మానేశాక ఫలానా పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు మన దేశంలో నిలవదు. ఉద్యోగంలో ఉండగా ఇంకోచోట పని చేయకూడదనేది మాత్రం నిలుస్తుంది. బాండ్, అంటే ఇన్నేళ్లు పనిచేయాలి, ముందే మానేస్తే ఇంత కట్టాలి అనే షరతు, దాని సంగతి ఇంకా వేరు. విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చేసింది. అలాగని బాండ్‌లో ఎంత అంకె వేస్తే అంతా కట్టాలని కాదు, అదే చట్టం సెక్షన్ 74 ప్రకారం కంపెనీకి దక్కేది సమంజసమైన పరిహారమే, రాసుకున్న మొత్తం దానికి పైహద్దు మాత్రమే. అసలు ట్రైనింగే ఇవ్వని కంపెనీ బాండ్ సొమ్ము అడిగితే గట్టిగా వాదించొచ్చు. కాకపోతే ఆ వాదన లాయర్ నోటీసు వచ్చాక, రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి వదిలామని కంపెనీ ఇచ్చే కాగితం) ఆగిపోయాక చేయాల్సి వస్తుంది, ఆ టెన్షన్ ఎవరికి కావాలి?

నాన్చడం మూడింటిలోకీ చెడ్డది. ముఖ్యంగా ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లకి కొత్త షరతులు పంపినప్పుడు, సంతకం పెట్టలేదు కదా అని ఊరుకుని అవే షరతుల కింద పని చేస్తూ జీతం తీసుకుంటే, ఒప్పుకున్నట్టే అని కంపెనీ వాదించొచ్చు. ఒప్పందానికి సంతకమే ఉండాలని లేదు, నడవడిక చాలు. ఒప్పుకోకపోతే ఆ మాట మెయిల్‌లో పెట్టండి, అప్పుడు కనీసం మీ చేతిలో రుజువుంటుంది.

ఇక టైమ్ అడగడం. "అగ్రిమెంట్ అందింది, చదివి ఎల్లుండిలోగా సంతకం చేసి ఇస్తాను, కాపీ పంపగలరు" అని రెండు ముక్కల మెయిల్ చాలు, దానికే ఆఫర్ వెనక్కి తీసుకునే కంపెనీలు తక్కువ. చదివేటప్పుడు ముందు నోటీస్ పీరియడ్ చూడండి. మీరు మానేయాలంటే 90 రోజులు, వాళ్లు తీసేయాలంటే 30 రోజులు అని ఉంటుంది కొన్నిచోట్ల. దాని కిందే "నోటీసుకు బదులు జీతం అంగీకరించడం కంపెనీ ఇష్టం" అన్న లైన్ ఉందంటే, డబ్బు కడతానన్నా మిమ్మల్ని త్వరగా వదలాల్సిన పని వాళ్లకి లేదు. రెండు వైపులా ఒకే గడువు పెట్టమని అడగండి, ఇది న్యాయమైన కోరికే. జీతం అంకెలు ఆఫర్ లెటర్‌తో సరిపోయాయో లేదో కూడా పక్కపక్కన పెట్టుకుని చూడాలి, ఎందుకంటే "ఈ పత్రమే పూర్తి ఒప్పందం" అనే వాక్యం చాలావాటిలో ఉంటుంది, అలాంటప్పుడు ఫోన్‌లో ఇచ్చిన హామీలకు విలువ ఉండదు. ఒప్పుకున్న మార్పు కాగితం మీదకి రావాల్సిందే.

ఖాళీ గడులున్న పేజీ మీద, ఖాళీ చెక్కు మీద మాత్రం ఎవరెంత తొందరపెట్టినా సంతకం వద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెంట తెచ్చేసుకోండి.

"మా దగ్గర అందరికీ ఇదే, ఏమీ మార్చం" అంటారా? అనొచ్చు, అప్పుడు కూడా మీరు తెలిసి పెడతారు లేదా తెలిసి వదులుకుంటారు. అయితే వదులుకునే వీలు పాత ఉద్యోగం చేతిలో ఉన్నప్పుడే, కాబట్టి అక్కడ రాజీనామా ఇవ్వకముందే ఆఫర్ లెటర్‌తో పాటు అగ్రిమెంట్ కాపీ కూడా తెప్పించుకోండి.