విశాఖ నల్లధూళిని ఆర్కెస్ట్రాకు రాయాలంటే: అంకెలా, దృశ్యమా?

విశాఖ పాతనగరంలో మేడ మీద ఆరేసిన తెల్లచీర. సాయంత్రం మడతపెడుతుంటే వేలికి నల్లగా అంటుకునే పొడి. పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం కుప్పల నుంచి లేచే ఈ ధూళిని స్వరపరచడానికి గాలి కొలతల అంకెలను స్వరాలుగా మార్చవచ్చు, లేదా కంటికి కనబడినదాన్నే నాదంగా పరవవచ్చు.

అంకెల పని తేలిక. పీఎం 10 (గాలిలో 10 మైక్రాన్లలోపు ధూళి కణాలు) గంటవారీ రీడింగులు రోజుకు 24. గంటకో బార్, 4/4లో నిమిషానికి 60 బీట్లు అనుకుంటే మొత్తం 96 సెకన్లు. ఘనపు మీటరు గాలికి 40 నుంచి 200 మైక్రోగ్రాముల వరకు రెండు స్థాయిల మీద, అంటే 24 స్వరస్థానాల మీద పరిస్తే ఒక్కో స్వరస్థానానికి సుమారు 6.7 వస్తుంది. కానీ 108 కాస్తా 121 అయితే చెవికి వినబడేది రెండు మెట్లు ఎక్కడమే. ఊపిరాడని గాలి కాదు, సంగీతంలో తొలి పాఠమైన సరళీ వరస. ఒక్క గంట 400కి ఎగబాకిందా, మిగతా గంటలన్నీ పది పదకొండు స్వరాల్లోకి కుదించుకుపోతాయి.

దృశ్యమే మేలు. 12 వయొలిన్లు, రెండు శ్రుతిలో షడ్జం నుంచి కాకలి నిషాదం దాకా 12 స్వరస్థానాలు, మనిషికొకటి. నాలుగు సెకన్లకొకరు చేరితే 44వ సెకనుకు అందరూ మోగుతుంటారు. వరసక్రమంలో చేరితే మళ్లీ సరళే! పంచమం, శుద్ధ రిషభం, కైశికి నిషాదం... ఇలా చెదరగొట్టాలి. కమాను తీగలను మోసే బ్రిడ్జి పక్కనే, తేలిగ్గా. అప్పుడు స్వరం పలచబడి గరగర పైకి తేలుతుంది. ట్రాంబోన్లలో స్వరం పలికించకుండా ఊపిరి మాత్రం ఊదించాలి.

మన కర్ణాటక వయొలిన్ వాళ్లతో చేయిస్తే చెడేది గమకం దగ్గర. చెయ్యి దానంతటదే ఊగుతుంది, ముద్దగా ఉండాల్సిన నాదం రాగచ్ఛాయలోకి జారుతుంది. స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల పాశ్చాత్య స్వరలిపి) బదులు స్వరం పేరు, చేరే సెకను, 'గమకం లేదు' అని రాసివ్వండి. పక్కపక్క వాళ్లు కమాను ఒకేసారి తిప్పకూడదు, తిప్పితే మధ్యలో చీలిక వినబడుతుంది.

ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండ. గాలి కదలని రాత్రి ధూళి ఈ గిన్నెలోనే నిలుస్తుంది. అందుకే చివర్లో మెల్లగా తగ్గించవద్దు. వయొలిన్లు ఆగినా డబుల్ బాస్ షడ్జం పట్టుకునే ఉండాలి.

అంకెలకు ఒక్క పని అప్పగించవచ్చు: ఎందరు వాయించాలన్నది. 24 గంటల సగటుకు జాతీయ పరిమితి 100 మైక్రోగ్రాములు. రీడింగు ఆ గీత లోపల ఉన్న గంటల్లో ఆరుగురు, దాటగానే పన్నెండుగురు.