మీటింగ్‌లో మాట తెగుతోందా? వైఫై, లాన్ కేబుల్, ఫోన్ డేటాల్లో ఏది మేలు?

అమలాపురం, రాజోలు వైపు ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. "మీటింగ్‌లో నా మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందంటున్నారండీ, ప్లాన్ పెంచమంటారా?" అని. చాలామందికి ఆ అవసరం లేదు. ఒక్క గొంతు వెళ్లడానికి సెకనుకు సుమారు 100 కిలోబిట్లు చాలు. 50 ఎంబీపీఎస్ ప్లాన్ ఉందంటే దానికి అయిదొందల రెట్లు ఉన్నట్టే.

చూడాల్సింది వేగం కన్నా నిలకడ. మన మాటను మామూలుగా 20 మిల్లీసెకన్ల ముక్కలు చేసి, సెకనుకు 50 ప్యాకెట్ల లెక్కన పంపుతారు. అవి ఒకే ఎడంతో అందాలి. కొన్ని వెంటనే, కొన్ని ఆలస్యంగా వస్తే దాన్ని జిట్టర్ అంటారు. అవతలి యాప్ ఓ క్షణం ఆగి చూసి, రాని ప్యాకెట్‌ను వదిలేస్తుంది. మాట తెగేది అక్కడే. యూట్యూబ్ ముందుగానే కొంత దించి పెట్టుకుంటుంది కాబట్టి అందులో ఈ తేడా తెలియదు. రబీలో వంతులవారీ నీళ్లు వదిలే రోజుల్లో కాలువ నిండుగా ఉందని సంబరపడం కదా, మన వంతు నీరు వేళకి చేలోకి వచ్చిందా అనే చూస్తాం. ఇదీ అంతే.

ఈ లెక్కన చూస్తే నా ఓటు, రౌటర్ నుంచి లాప్‌టాప్‌కు నేరుగా లాగే లాన్ కేబుల్‌కే.

మన వైపు ఇళ్లలో ఫైబర్ తీగ వీధి స్తంభం నుంచి వస్తుంది కాబట్టి రౌటర్‌ను వీధి అరుగు పక్క గదిలోనే బిగించేస్తారు. పని చేసుకునేది మాత్రం పెరటి గదిలోనో, మేడ మీదో. పాత మండువా ఇళ్లయితే మధ్యలో మందపాటి గోడలు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటుతుంది గానీ, అందులో ఒకదానికొకటి అడ్డం రాని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. ఇరుగుపొరుగు రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఆ బ్యాండ్‌లోనే. 5 గిగాహెర్ట్జ్ శుభ్రంగా ఉంటుంది, కానీ రెండు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుంటే అదే వాడుకోండి, కేబుల్ అక్కర్లేదు.

మా బావమరిది లైన్ బాగోలేదని ఆపరేటర్‌ మీద చిరాకు పడుతుంటే, ముందు రౌటర్‌కే పింగ్ కొట్టి చూశాం, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వస్తుందో చూడటం. 3, 4, 212, 5, ఆ తర్వాత రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్, అంటే జవాబే రాలేదు. అంటే మాట ఇల్లు దాటకముందే తెగుతోంది. క్యాట్ 6 రకం లాన్ కేబుల్ లాగాక అదే పింగ్ 1 మిల్లీసెకను లోపే నిలబడింది. ఈ కేబుల్ 100 మీటర్ల దాకా లాగొచ్చు, క్యాట్ 5ఈ అయినా సరిపోతుంది. లాప్‌టాప్‌కు పోర్టు లేకపోతే యూఎస్‌బీ అడాప్టర్ పెట్టుకోవాలి. ఎలుకల బెడద ఉన్నచోట కేసింగ్‌లో వేయించండి.

రౌటర్‌ పింగ్ నిలకడగా ఉండి, బయట ఉండే గూగుల్ సర్వర్ 8.8.8.8కి కొట్టినప్పుడే అంకెలు ఎగిరిపడుతుంటే, మీటింగ్ వేళ ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలు బ్యాకప్ చేస్తోందేమో చూడండి. అప్‌లోడ్ నిండిపోతే కేబుల్ ఉన్నా మాట తెగుతుంది. అదీ కాకపోతే ఆ అంకెల స్క్రీన్‌షాట్‌తో ఆపరేటర్‌ను అడగండి.

ఫోన్ డేటా అత్యవసరానికి పనికొస్తుంది. టవర్‌ మీద రద్దీ పెరిగితే జిట్టరూ పెరుగుతుంది. సంక్రాంతికి ఊళ్లన్నీ నిండినప్పుడు నమ్ముకోవద్దు. వాడాల్సి వస్తే హాట్‌స్పాట్ కన్నా యూఎస్‌బీ తీగతో కలపడం మేలు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ల బదులు తీగవి పెట్టుకోండి. మీటింగ్‌కు డయల్-ఇన్ నంబర్ (మామూలు ఫోన్ కాల్‌తో చేరే నంబర్) ఇచ్చి ఉంటే, ఇంటర్వ్యూలాంటి వాటికి అది రాసిపెట్టుకోండి.

ఇక కరెంటు. ఇన్వర్టర్‌కు మారే క్షణంలో రౌటర్ ఆగిపోతే, మళ్లీ లేచేసరికి మీటింగ్‌లో మన వంతు దాటిపోతుంది. గాలివానల కాలంలో మనకిది మామూలే. రౌటర్‌కొక మినీ యూపీఎస్ పెట్టండి. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసి, దానికి సరిపడేదే తీసుకోండి. ఫైబర్ పెట్టె విడిగా ఉంటే దానికీ కావాలి.