నాలుగేళ్లు అడాపలీన్ జెల్ వాడాక: నుదుటి గింజలు, పెళ్లి నలుగు

ఎర్రగా వాచి చీము పట్టే మొటిమలు నాకు పెద్దగా రాలేదు. నా బాధ వేరు. కనుబొమల పైనుంచి జుట్టు మొదలయ్యేదాకా చర్మం రంగులోనే ఉండే సన్నటి గింజలు. ఎదురుగా చూస్తే కనిపించవు. పక్కనుంచి వెలుగు పడితే మాత్రం నుదురంతా గరుకుగా తేలుతుంది. నొక్కితే ఏమీ రాదు, నొప్పి కూడా ఉండదు. ఇంటర్ రోజుల నుంచి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరేదాకా వాటి మీద ముల్తానీ మట్టి, వేపాకు ముద్ద, ఎవరు ఏ సబ్బు చెబితే ఆ సబ్బు వాడాను. చుండ్రు వల్ల అన్నారు, నూనె పెట్టుకోవడం వల్ల అన్నారు. పెళ్లయితే అవే పోతాయి అని మా పెద్దమ్మ తేల్చేసింది.

మొటిమలకు పూసే అడాపలీన్ 0.1 శాతం జెల్ వాటిని తీసేసింది. తగ్గించడం కాదు, తీసేసింది. ఈ సమీక్ష రాయడానికి మొదటి కారణం ఆ సంతోషమే. రెండో కారణం నా పెళ్లికి ముందు జరిగిన సంగతి. దాని గురించి నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. ఈ జెల్ గురించి చెప్పేవాళ్లంతా సన్‌స్క్రీన్ రాసుకోమనే జాగ్రత్త దగ్గరే ఆగిపోతారు కాబట్టి దాన్ని కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఆ గింజల మీద ఇది ఎందుకు పనిచేసిందో చెప్పాలి. మొటిమ పైకి కనిపించడానికి వారాల ముందే లోపల మొదలవుతుంది. వెంట్రుక కుదుళ్లలో రాలిన కణాలు బయటికి పోకుండా ఒకదానికొకటి అంటుకుని, చర్మంలోని జిడ్డుతో కలిసి రంధ్రాన్ని మూసేస్తాయి. పైన మూసుకునే ఉంటే నాకున్నలాంటి గింజ. తెరుచుకుని నల్లబడితే బ్లాక్‌హెడ్. లోపల వాపు మొదలైతే ఎర్ర మొటిమ. అడాపలీన్ లాంటి రెటినాయిడ్లు, అంటే విటమిన్ ఎ జాతి మందులు, ఆ కణాలు అంటుకోకుండా చూస్తాయి. అంటే ఇది వచ్చిన మొటిమను రాత్రికి రాత్రి ఎండగట్టే మందు కాదు, రాబోయేదాన్ని మొదట్లోనే ఆపే మందు. మొటిమ ఉన్నచోట చుక్క పెట్టి ఊరుకుంటే ఫలితం కనిపించదు. మొటిమలు వచ్చే మేర అంతా పలచగా రాయాలి. రెండు వారాలు చుక్కలు పెట్టి, ఏం లాభం లేదని ట్యూబు పక్కన పడేసినవాళ్లు నా ఆఫీసులోనే ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లకు ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఈ జాతి మందుల్లో పాతదైన ట్రెటినాయిన్‌కు అమెరికాలో 1971లోనే అనుమతి వచ్చింది. అడాపలీన్ అక్కడ 1996లో వచ్చింది. ట్రెటినాయిన్‌కు వెలుతురు తగిలితే గుణం తగ్గిపోతుంది, అడాపలీన్ తట్టుకుంటుంది. మంట కూడా సాధారణంగా దీనితో తక్కువ. 2016 నుంచి అమెరికాలో 0.1 శాతం జెల్‌ను డాక్టర్ చీటీ లేకుండానే అమ్ముతున్నారు. డాలస్‌లో ఉండే మా అక్క షాంపూతో పాటే బుట్టలో వేసుకుని తెచ్చుకుంటుంది. మన దగ్గర డాక్టర్ రాసిస్తేనే కొనాలి. అదే మంచిదని నా నమ్మకం, కారణం కింద చెబుతాను.

మొదటి రెండు మూడు నెలలు ఓపిక పట్టక తప్పలేదు. ముక్కు పక్కన, గడ్డం మీద పొట్టు లేచింది. మొహం కడుక్కుంటే చురుక్కుమనేది. నుదుటి మీద కనిపించకుండా ఉన్న గింజల్లో కొన్ని ఎర్రబడి పైకి తేలాయి. "ఏం పూస్తున్నావే మొహానికి, ఆపెయ్" అని అమ్మ వీడియో కాల్‌లో రోజూ గొడవ. ఇలా అవుతుందని డాక్టర్ ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. వారానికి మూడు రాత్రులతో మొదలుపెట్టి, బఠాణీ గింజంత మాత్రమే తీసుకుని, ముందు మాయిశ్చరైజర్ రాసుకుని దాని మీద జెల్ రాసేదాన్ని. అలా పదిహేను గ్రాముల ట్యూబు నాకు రెండు నెలలు దాటి వచ్చేది. మూడో నెల చివర్లో ఒకరోజు తల దువ్వుకుంటుంటే చెయ్యి నుదుటికి తగిలింది. గరుకు లేదు. అద్దం దగ్గరికి వెళ్లి, పక్కకు తిరిగి, ఫోన్ లైటు వేసుకుని చూశాను. అంతకుముందు పదేళ్లుగా నా నుదురు అలా లేదు. ఆ రోజు పొందిన ఆనందం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మరుసటి ఏడాది మాఘమాసంలో పెళ్లి కుదిరింది. అప్పటికి దాదాపు ప్రతి రాత్రీ జెల్ రాస్తున్నాను, చర్మం అలవాటు పడిపోయింది, పొట్టు లేవడం ఎప్పుడో ఆగింది. ట్యూబు అయిపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లి, పెళ్లి ఉందండీ, ఏమైనా జాగ్రత్తలు తీసుకోవాలా అని అడిగాను. సన్‌స్క్రీన్ మానకండి, కొత్త క్రీములు ఏవీ వాడకండి అన్నారు. బయట చాలామంది పేషెంట్లు ఉన్నారు. అక్కడితో అయిపోయింది.

పెళ్లికి నాలుగు రోజుల ముందు గుంటూరులో పార్లర్‌కు వెళ్లాను. కనుబొమలకు దారం వేస్తే ఏమీ కాలేదు. పెదవి పైన వాక్స్ చేశారు. పట్టీ లాగగానే నొప్పి మామూలుగా లేదు. అద్దంలో చూస్తే ముక్కు కింద కుడివైపు, వేలి గోరంత మేర, పై చర్మం పట్టీతో పాటే లేచిపోయింది. ఎర్రగా, తడిగా మెరుస్తోంది. పార్లర్ అమ్మాయి కంగారుపడి కలబంద గుజ్జు రాసింది. "మొహానికి ఏమైనా మందు వాడుతున్నారా అక్కా?" అని అప్పుడు అడిగింది. అడాపలీన్ అని చెబితే ఆమెకు ఆ పేరు తెలియదు. వాక్స్ పెట్టకముందు ఆ ప్రశ్న అడగాలని ఆమెకు నేర్పినవాళ్లెవరూ లేరు. జవాబు ముఖ్యమని నాకు చెప్పినవాళ్లూ లేరు. డబ్బాలో కాగితం ఉంటుంది నిజమే. చీమ తలకాయంత అక్షరాల్లో, పూర్తిగా ఇంగ్లీషులో, సగం డాక్టర్లకు రాసిన భాషలో ఉంటుంది. తెలుగులో నాలుగు వాక్యాలు డబ్బా మీద వేస్తే ఎంతమందికి మేలు జరుగుతుందో.

అసలు కష్టం మర్నాడు. పెళ్లికూతుర్ని చేయడం. నువ్వుల నూనె అంటి, శనగపిండి, పెసరపిండి, పసుపు కలిపిన సున్నిపిండితో నలుగు పెట్టారు. పెదవి పైన గాయం ఉందని అందరికీ చెప్పాను, అక్కడ ఎవరూ ముట్టుకోలేదు. కానీ చెంపలూ గడ్డం బాగానే ఉన్నాయి కదా అని మా మేనత్త ముచ్చటపడి గట్టిగానే రుద్దింది. "మెల్లగా అత్తా" అంటే "నలుగు పడితేనే మొహానికి కళొస్తుందే" అంది. ప్రేమగానే చేసింది, ఆమెను ఏమీ అనలేను. చెంపలు పైకి మామూలుగా కనిపించినా లోపల మంట మొదలైంది. స్నానం చేసి వచ్చేసరికి రెండు బుగ్గలూ కందిపోయాయి. చెమట, పసుపు నీళ్లు కారి పెదవి పైన పుండుకు తగిలినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. మొహం కళగా ఎర్రబడింది అనుకున్నారు చుట్టాలు. ఆ రాత్రి ఫ్యాన్ గాలి తగిలినా మండింది.

రెటినాయిడ్ వాడుతున్న చర్మం చూడ్డానికి నున్నగా, ఆరోగ్యంగా ఉంటుంది. పైపొర మాత్రం పలచబడి, పట్టు తగ్గి ఉంటుంది. వాక్స్ వెంట్రుకతో పాటు ఆ పొరను కూడా పట్టుకుంటుంది. పిండితో రుద్దితే అదే పొర రేగుతుంది. అందుకే వాక్సింగ్‌కు కనీసం వారం ముందే జెల్ ఆపమంటారు. స్క్రబ్బులు, బ్లీచ్ లాంటివి వాడుతున్నన్నాళ్లూ వద్దంటారు. ఇదంతా నేను పెళ్లయ్యాక, వేరే డాక్టర్ దగ్గర, ఆమె తీరిగ్గా కూర్చుని చెబితే తెలుసుకున్నాను.

పెళ్లినాడు బాసికం కట్టినప్పుడు నుదురు నున్నగా ఉంది. ఆ ఫోటోల్లో నుదుటిని చూసుకుంటే ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. బుగ్గలు అప్పటికి చల్లబడ్డాయి, పెదవి పైన గాయాన్ని మేకప్ అమ్మాయి జాగ్రత్తగా కప్పింది. తర్వాత అదే చోట గోధుమరంగు మచ్చ పడి, చాలావరకు పోవడానికి ఏడాది దగ్గరగా పట్టింది. మన రంగు చర్మానికి ఏ చిన్న గాయమైనా మానాక ఇలా నల్లబడి ఉండిపోవడం మామూలే. మొటిమలు దాదాపు లేని మొహం మీద ఆ మచ్చను మోయడం నాకు చాలా బాధ కలిగించింది.

మచ్చల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. పాత మొటిమల నల్ల మచ్చలు దీనితో పూర్తిగా పోతాయని చాలామంది చెబుతారు, మొదట్లో నేనూ ఇద్దరు స్నేహితురాళ్లకు అలాగే చెప్పాను. నా అనుభవంలో కాస్త లేతబడ్డాయి, అంతే. ఎక్కువ పని చేసింది సన్‌స్క్రీన్, కాలం. మొటిమ మానాక పడే గుంటల విషయంలో నాకు తేడా ఏమీ కనిపించలేదు. నెలసరి ముందు దవడ దగ్గర వచ్చే ఒకటో రెండో నొప్పి మొటిమలు కూడా ఇది వాడుతున్నన్నాళ్లూ వస్తూనే ఉన్నాయి. నుదుటి గింజల మీద చూపిన ప్రతాపం అక్కడ చూపలేదు.

ఇప్పుడు చీటీ సంగతి. ఒకసారి మా వీధి మందుల షాపులో నా జెల్ స్టాకు లేదు. "ఇది కూడా అదే మేడమ్, ఇంకా బాగా పనిచేస్తుంది, తెల్లగా కూడా అవుతారు" అంటూ వేరే ట్యూబు చేతిలో పెట్టాడు. వెనక చదివితే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. చివరిది స్టెరాయిడ్. ఇందులోనూ రెటినాయిడ్ ఉంది కాబట్టి అదే మందు అని అతని లెక్క. మంగు మచ్చలకు డాక్టర్ కొద్ది వారాలు రాసే ఆ మిశ్రమాన్ని మన ఊళ్లలో ఏళ్ల తరబడి ఫెయిర్‌నెస్ క్రీమ్‌లా పూసుకుంటున్నారు. మొదట్లో మొహం మెరుస్తుంది, తర్వాత చర్మం పలచబడి, ఎర్రటి సన్న నరాలు తేలి, మానేసిన వెంటనే మొటిమలు విరగబడతాయి. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను చీటీ ఉంటేనే అమ్మాలని నిబంధన పెట్టింది. అయినా కౌంటర్ మీదికి ఎంత తేలిగ్గా వచ్చిందో నా కళ్లతో చూశాను. ట్యూబు తిరిగి ఇచ్చేసి వచ్చాను. దయచేసి రంగు డబ్బాను కాదు, లోపలున్న మందుల పేర్లు చదివి కొనండి.

పోయిన ఏడాది నుంచి జెల్ ఆపేశాను. పిల్లల కోసం అనుకుంటున్నామని చెప్పగానే గైనకాలజిస్ట్ ఆపమన్నారు. నోటితో మింగే ఐసోట్రెటినాయిన్ కడుపులో బిడ్డకు తీవ్రమైన లోపాలు తెచ్చే మందు. పైపూత జెల్ రక్తంలోకి చాలా తక్కువగానే వెళ్తుంది, అయినా అదే జాతిది కాబట్టి గర్భం కోసం ప్రయత్నించేటప్పుడు వద్దంటారు. బదులుగా అజెలైక్ యాసిడ్ రాశారు. అది మెత్తగానే ఉంది, పెదవి పైన మిగిలిన కాస్త నలుపూ దానితోనే పోయిందనిపిస్తుంది. కానీ ఆపిన కొన్ని నెలలకే నుదుటి గింజలు మెల్లగా తిరిగి వచ్చాయి. మునుపటంత కాదు, సగం అనుకోండి. "తీసేసింది" అని పైన రాసిన మాటను కాబట్టి ఇలా చదువుకోవాలి: రాస్తున్నన్నాళ్లూ తీసేసింది.

మళ్లీ మొదలుపెడతానా అంటే, డాక్టర్ సరే అన్న రోజు తప్పకుండా. కాకపోతే జెల్ బదులు క్రీమ్ రూపం అడుగుతాను, పెళ్లి తర్వాత చర్మం మునుపటంత జిడ్డుగా లేదు. వాక్స్ మాత్రం మొహానికి ఇక చేయించుకోను, దారంతో సరిపెట్టుకుంటాను, దానికీ కొన్ని రోజుల ముందే మందు ఆపుతాను. నాది జిడ్డు చర్మం, నాకున్నవి మూసుకుపోయిన గింజలు, ఏసీ గదిలో కూర్చునే ఉద్యోగం. పొలంలోనో రోడ్డు మీదో రోజంతా ఎండలో ఉండేవాళ్లకు, ఎగ్జిమా ఉన్నవాళ్లకు నా మాట పనికిరాకపోవచ్చు.

మా చిన్నాన్న కూతురు నా పెళ్లి ఫోటోలు చూసి అదే జెల్ పేరు అడిగింది. దానికి మొటిమలు గడ్డం చుట్టూ, దవడ కింద వస్తాయి, నెలసరి కూడా సరిగ్గా రాదు. పేరు చెప్పకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ముందు హార్మోన్ పరీక్షలు, స్కానింగ్ రాశారు. పూత మందు సంగతి రిపోర్టులు వచ్చాక చూద్దామన్నారు.