లివింగ్ విల్ రాయించే సేవ: సంతకానికి ముందు జరిగిన రెండు గంటలు

మా జిల్లా కేంద్రంలో కోర్టు వీధిలో ఉన్న ఒక న్యాయవాద కార్యాలయం, ఉపశమన వైద్యంలో అనుభవమున్న ఒక వైద్యురాలితో కలిసి, లివింగ్ విల్ తయారుచేసి ఇచ్చే సేవను నడుపుతోంది. కోలుకునే ఆశ లేక, మన నిర్ణయం మనం చెప్పలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందుగానే రాసి పెట్టుకునే పత్రమే లివింగ్ విల్. గత నెలలో నేనూ నా భార్యా అక్కడ మా పత్రాలు రాయించుకున్నాం. లోపాలు కూడా చెప్పవలసి ఉంది కాబట్టి ఆ కార్యాలయం పేరు రాయడం లేదు. అయినా, ఇలాంటి సేవ ఏ ఊళ్లో దొరికినా అందులో ఏం చూసుకోవాలో తెలియడానికి మా అనుభవం పనికొస్తుందని నమ్ముతున్నాను.

మేము అక్కడికి వెళ్లడానికి కారణం మా నాన్నగారు. నాలుగేళ్ల కిందట ఆయన 19 రోజులు ఐసీయూలో ఉన్నారు. గొట్టాలు పీకేసుకుంటున్నారని రెండు మణికట్లనూ బ్యాండేజీ గుడ్డతో మంచం కమ్మీకి కట్టారు. నేను లోపలికి వెళ్లినప్పుడు ఆయన కట్టిన చేతితోనే నా అరచేతిలో వేలితో ఏదో రాయబోయారు. ఏం రాశారో నాకు ఇప్పటికీ తెలియదు. మందులు పనిచేయడం లేదని వైద్యులు చెబుతున్నా, అమెరికాలో ఉన్న తమ్ముడు ‘ఇంకో వారం చూద్దాం అన్నయ్యా’ అన్నాడు, నాకూ కాదనే ధైర్యం లేకపోయింది. చివరికి ‘వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నాం’ అన్న కాగితం మీద సంతకం పెట్టి, అంబులెన్సులో ఇంటికి తెచ్చుకుని, నోట్లో తులసి తీర్థం పోశాం. తండ్రిని ఇంటికి తెచ్చుకోవడానికి, తప్పు చేస్తున్నవాడిలా సంతకం పెట్టవలసి రావడం నన్ను చాలాకాలం బాధించింది.

మొదటి రోజు న్యాయవాది చట్టం ఎంతవరకు వచ్చిందో ఓపికగా వివరించారు, ఆ వివరణకు నేను పూర్తి మార్కులు వేస్తాను. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం, రోగి స్వయంగా కోరినా సరే, మన దేశంలో నేరమే. కోలుకునే ఆశ లేని స్థితిలో ప్రాణాన్ని పొడిగించే చికిత్సను మొదలుపెట్టకపోవడం, లేదా మొదలుపెట్టినదాన్ని ఉపసంహరించడం మాత్రం అనుమతించిన విషయం. ముంబయి కేఈఎం ఆసుపత్రిలో 1973లో జరిగిన దాడి తర్వాత, 2015లో మరణించేదాకా, దాదాపు 42 ఏళ్లు అచేతనంగా పడి ఉన్న నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు, ఆమె విషయంలో ఆ అనుమతి ఇవ్వకపోయినా, హైకోర్టు ఆమోదంతో ఇతరులకు ఈ దారి తెరిచింది. 2018 మార్చి 9న ‘కామన్ కాజ్’ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గౌరవంగా మరణించే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని తేల్చి, లివింగ్ విల్‌కు గుర్తింపునిచ్చింది. అయితే దానిపై మేజిస్ట్రేటు సంతకం ఉండాలన్న నిబంధన వల్ల అది ఆచరణలో దాదాపు అసాధ్యంగా మారడంతో, 2023 జనవరిలో కోర్టే నిబంధనలను సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతగానీ గెజిటెడ్ అధికారి చేతగానీ ధ్రువీకరింపజేస్తే చాలు.

ఇదంతా వింటున్నప్పుడు 2004లో హైదరాబాదులో మరణించిన యువ చదరంగం క్రీడాకారుడు గుర్తొచ్చాడు. కండరాల క్షీణతతో మంచాన పడిన ఆ అబ్బాయి, అవయవాలు పాడవకముందే దానం చేసి వెళ్లిపోతానని కోరితే, తల్లి ఆ కోరికను హైకోర్టు దాకా తీసుకెళ్లింది. కోర్టు ఒప్పుకోలేదు. ఈనాటి తీర్పుల ప్రకారం చూసినా అతని కోరిక నెరవేరేది కాదు, ఎందుకంటే అతను కోరింది చికిత్స ఆపడం ఒక్కటే కాదు, ప్రాణం ఉండగానే అవయవాలు తీసుకోవడం కూడా. ఆ తల్లి మోసిన బరువు మాత్రం నన్ను వదలలేదు.

ఈ సేవలో అసలు విలువైనది రెండో రోజు. వైద్యురాలు మా అమ్మనూ కూర్చోబెట్టమన్నారు, తమ్ముణ్ని వీడియో కాల్‌లోకి రమ్మన్నారు. రెండు గంటలు మాట్లాడారు. అమ్మ మొదట అడిగిన ప్రశ్న, ‘అన్నం నీళ్లు ఆపేసి చంపుతారా అమ్మా?’ అని. వైద్యురాలు ఏమాత్రం నొచ్చుకోకుండా, ఆఖరి రోజుల్లో ఒళ్లు ఆహారాన్ని తీసుకోలేదనీ, బలవంతంగా పోసిన పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఆయాసం పెంచుతాయనీ, అప్పుడు తడి దూదితో పెదవులూ నాలుకా తడుపుతూ ఉండాలనీ, నొప్పికీ ఆయాసానికీ మార్ఫిన్ ఇస్తూ చివరిదాకా చూసుకుంటారనీ చెప్పారు. దూదిని ఎంత తడపాలో, ఎక్కడ అద్దాలో తన చేత్తో చేసి చూపించారు.

అమ్మ కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, మా నాయనమ్మ పోయిన ఏడాది నాన్నగారు తనతో ‘నన్ను మాత్రం ఆ గొట్టాలకు వదిలెయ్యొద్దు’ అన్నారని చెప్పింది. ఐసీయూ బయట కూర్చున్న 19 రోజుల్లో ఆ మాట ఎందుకు చెప్పలేదని తమ్ముడు అడిగితే, ‘నన్నెవరడిగారు నాయనా, మీరిద్దరూ చదువుకున్నవాళ్లు, డాక్టర్లతో మాట్లాడుతున్నారు కదా అనుకున్నాను’ అంది. తమ్ముడు తెర మీద ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఈ సేవకు ఇచ్చిన ప్రతి రూపాయీ ఆ రెండు గంటలకే ఇచ్చానని నేను అనుకుంటున్నాను.

లోపాలు చిన్నవి కావు. వాళ్లు మొదట ఇచ్చిన ముసాయిదాలో, 2023లో తొలగిపోయిన మేజిస్ట్రేటు ధ్రువీకరణ పేరా అలాగే ఉంది. నేను చూపించాక తీసేశారు. చూపించకపోయి ఉంటే ఎవరో ఒక కుటుంబం ఆ సంతకం కోసం కోర్టు చుట్టూ తిరిగేది. పత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది, సాక్షులుగా వచ్చిన మా పక్కింటివారికి నోటితోనే చెప్పి సంతకాలు పెట్టించబోయారు. మేము పట్టుబట్టి తెలుగు ప్రతి రాయించాం. చావు గురించి ఇంత సున్నితమైన నిర్ణయాన్ని మనిషి తనకు తెలిసిన భాషలో చదువుకోవాలన్నది నా దృష్టిలో రాజీపడకూడని విషయం.

పత్రం ప్రతిని స్థానిక సంస్థ నియమించిన అధికారి భద్రపరచాలని 2023 నిబంధన చెబుతోంది. మా మున్సిపల్ కార్యాలయంలో ఆ అధికారి ఎవరో ఎవరూ చెప్పలేకపోయారు. ఇన్‌వర్డ్ ముద్ర వేసి తీసుకున్నారు, అంతే. ఇది న్యాయవాది తప్పు కాదు, కానీ ‘మేమే అందజేస్తాం’ అని చెప్పి మమ్మల్నే తిప్పించారు. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు అమలుకు ఉత్తర్వులు ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటి స్పష్టత అన్ని జిల్లాలకూ అందాలి.

ఆసుపత్రిలో ఈ పత్రం ఎలా పనిచేస్తుందో కూడా అడగండి. రోగి స్వయంగా నిర్ణయం చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడే ఇది అమల్లోకి వస్తుంది. చికిత్స చేస్తున్న వైద్యుడూ, కనీసం ఐదేళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులూ ఉన్న మొదటి వైద్య బోర్డు, ఆ తర్వాత జిల్లా ముఖ్య వైద్యాధికారి నామినేట్ చేసిన వైద్యుడున్న రెండో బోర్డు, ఒక్కొక్కటి వీలైనంతవరకు 48 గంటల్లో, చికిత్స ఆపవచ్చో లేదో అభిప్రాయం చెప్పాలి. మనం పత్రంలో పేరు రాసిన బంధువు ఒప్పుకోవాలి. అమలుకు ముందు ఆసుపత్రివారు ఆ సంగతి మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. అలాంటి బోర్డు కూర్చోవడం తాను ఇంతవరకు చూడలేదని న్యాయవాది దాచకుండా చెప్పారు, ఆ నిజాయితీ నాకు నచ్చింది.

మొత్తం ఖర్చు ఒక్కొక్కరికి 7,500 రూపాయలు: రాతకు 4,000, వైద్యురాలి సంప్రదింపులకు 2,500, నోటరీకీ ప్రతులకూ 1,000. వైద్యురాలితో కూర్చోకుండా పత్రం మాత్రమే కావాలంటే తక్కువకే ఇస్తారు. అలా తీసుకోవద్దనే చెబుతాను. ఇంట్లో పెద్దవాళ్లను తప్పకుండా వెంట తీసుకెళ్లండి.

నా పత్రం మూడో పేజీలో, అచ్చయిన పంక్తుల కింద, నేను చేత్తో రాసి చేర్పించిన వాక్యం ఒకటుంది: ‘నా చేతులు మంచానికి కట్టవద్దు.’ దానికి చట్టపరంగా ఎంత బలముంటుందో చెప్పలేనని న్యాయవాది అన్నారు. వైద్యురాలు మాత్రం ఉంచమన్నారు. ఆ వాక్యం పక్కన నేనూ, ఇద్దరు సాక్షులూ, నోటరీ పొట్టి సంతకాలు చేశాం.